వార్డెన్ గారి నైట్ డ్యూటీ

జనవరి 28, బుధవారం

పాఠాలు రాసుకుందామని కొన్న నోటుబుక్కు ఇది. పాఠం రాయబుద్ధి కావడం లేదు. ఇంకేదైనా రాస్తాను.

ఫలితాలు వచ్చాయి. నాలుగు పేపర్లలో మూడు బాగానే గట్టెక్కాయి. నాలుగోది సంభావ్యత. నూటికి ముప్ఫై ఒకటి. పాసు కావాలంటే నలభై రావాలి.

సంభావ్యత! ముప్ఫై అయిదేళ్ళవాణ్ణి, పదకొండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి, పెద్ద చదువు చదువుతానని ఉద్యోగానికి సెలవు పెట్టి దేశం దాటి వచ్చినవాణ్ణి, తప్పింది నేను చెప్పిన పాఠంలోనే. నాణేలు ఎగరేయించి, పాచికలు దొర్లించి, సంచీలో ఎర్రబంతులూ నల్లబంతులూ వేయించి ఎంతమంది మొద్దుల్ని ఒడ్డున పడేశానో. ఇక్కడ సంచీ లేదు, బంతులూ లేవు. అంతా కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి తేల్చాలట. నేను కాగితం మీద పన్నెండు పేజీల లెక్క చేసి ఇచ్చాను. దిద్దినాయన కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు: "చేతిరాత చాలా అందంగా ఉంది."

మార్చి 12న మళ్ళీ పరీక్ష. అందులోనూ తప్పితే మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఇక్కడ నాకు అర్ధరాత్రి అయ్యేసరికి అక్కడ మా ఆవిడకు తెల్లవారుతుంది. లేస్తూనే ఫోన్ చేసింది.

"ఏమండీ, రిజల్ట్స్ వచ్చాయటగా?"

"వచ్చాయి."

"అన్నీ పాసేనా?"

"పాసు కాక?" అన్నాను.

నేను అబద్ధం ఆడలేదు. ప్రశ్నకు ప్రశ్న వేశాను, అంతే. మార్చి 12న పాసైపోతే ఆవిడకు తెలియాల్సిన అవసరమే రాదు. ఈ విషయం ఈ పుస్తకంలో ఇంక రాయను.

తర్వాత ఆవిడ అసలు సంగతికి వచ్చింది. ఆవిడ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, ఇదే యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఇరవై రెండేళ్ళు. మా వీధికి రెండు వీధుల అవతల గది. ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల డప్పుల మోత వినిపిస్తోందట.

"రాత్రిళ్ళు ఎక్కడ తిరుగుతున్నాడో కాస్త కనిపెట్టండి. మీకిది కొత్తా? హాస్టల్ వార్డెన్‌గా చేసినవారు."

కొత్తేమిటి! మా హాస్టల్ గోడ మీద గాజుపెంకులు నేను దగ్గరుండి పెట్టించినవి. సెకండ్ షోకి గోడ దూకినవాణ్ణి హాల్లో సీటు నంబరుతో సహా పట్టుకున్నవాణ్ణి. ఏ రాత్రికారాత్రి రిపోర్టు పంపుతానని మాట ఇచ్చాను. ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. రోజుకు వందకు పైగా రక్తపరీక్షల రిపోర్టులు చదివి సంతకం పెట్టే మనిషి. రిపోర్టంటే ఆవిడకు ప్రాణం.

జనవరి 30, శుక్రవారం (నిజానికి శనివారం, తెల్లవారుజామున మూడు)

కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. చలికే.

పదకొండుంపావుకి బామ్మర్ది గదిలో దీపం ఆరింది. వీధి మొదట్లో మంకీ టోపీ, మఫ్లరు, ఆవిడ అల్లిన స్వెటరుతో నేను సిద్ధంగా ఉన్నాను. వాడితో ఇంకో ఆరుగురు, అందరూ మన భాషవాళ్ళే. నవ్వులు, కేకలు. మూసేసిన పుస్తకాల షాపులు, సైకిళ్ళ స్టాండ్లు దాటి ఒక పాత గోడౌను ముందు క్యూ కట్టారు. దాని నేలమాళిగలో డాన్స్ క్లబ్బు. భూమి లోపల్నుంచి దబ్ దబ్‌మని చప్పుడు. నేను చెత్తడబ్బా చాటున నలభై నిమిషాలు నిలబడ్డాను. వాళ్ళు లోపలికి పోయారు. ఇక చలికి ఆగలేక నేనూ వెళ్ళి క్యూలో చేరాను.

తలుపు దగ్గర తలుపంత మనిషి. అందరి కార్డులూ తీసుకుని వయసు చూస్తున్నాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కార్డు అడక్కుండా, చాలా జాలిగా అన్నాడు.

"మీ అబ్బాయి లోపలున్నాడా?"

"ఉన్నాడు," అన్నాను.

"వెళ్ళండి, వెళ్ళి తీసుకెళ్ళండి," అని చేతి మీద ముద్ర కొట్టి పంపించాడు.

లోపల ఒక్క ముక్క వినపడదు. వేడికి ముందు టోపీ తీశాను, తర్వాత మఫ్లరు, తర్వాత స్వెటరు. మూడూ చంకలో పెట్టుకుని, స్టడీ అవర్లో నిలబడినట్టు గోడ పక్కన నిలబడ్డాను. పది నిమిషాలకు బామ్మర్ది చూశాడు. చేతిలో గ్లాసు ఒరిగి సగం బూటులో పడింది.

"బావా! నువ్వా!"

"ఇటుగా వెళ్తుంటే..."

"రాత్రి పన్నెండున్నరకి ఇటుగా ఎక్కడికెళ్తున్నావు?"

"వాకింగ్‌కి."

వాడు నన్ను వాళ్ళవాళ్ళకు పరిచయం చేశాడు. ఒకమ్మాయి లా చదువుతోంది, అందరూ లాయరమ్మ అంటారు. ఒకతను నా డిపార్ట్‌మెంటే, ఎక్కడ ఆనితే అక్కడ నిద్రపోతాడు, నిద్రముఖం అని పేరు. మూడో పాటకు నా కుడికాలు నేల మీద తాళం వేస్తోందని గమనించాను. ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టింది. చలికి అలవాటైన కాలు కదా, రక్తం ప్రసరించడానికి అలా చేస్తుంది.

రిపోర్టు 1 పంపాను: 11.15 బయల్దేరాడు. 12.05 లోపలికి. నారింజ రసం ఒకటి, అందులో సగం బూటుపాలు. 2.20 గదికి చేరాడు. 2.31 దీపం ఆర్పాడు.

"మీరుండబట్టి నాకు నిశ్చింత," అని జవాబిచ్చింది.

ఫిబ్రవరి 1, ఆదివారం

సంభావ్యత పుస్తకం తెరిచాను. మొదట్లో రచయిత తన భార్యకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఒక పేజీన్నర. చాలా బాగా రాశాడు. అది చదివి మూసేశాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

చేతి మీద ముద్ర సబ్బుకి పోవడం లేదు. వీడియో కాల్లో ఆవిడ కంటపడింది.

"చేతి మీద ఏమిటండీ అది?"

"లైబ్రరీ ముద్ర."

"పుస్తకానికి వేస్తారుగానీ మనిషికి వేస్తారా?"

"ఇక్కడ అంతే."

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఈ రాత్రి వార్డెన్ అనేవాడి విలువ లోకానికి తెలిసింది.

క్లబ్బు మూసేసే వేళ. బయట చలిలో అంతా గుంపుగా నిలబడి చిప్స్ తింటున్నారు. అలవాటు ఊరుకోదు కదా, తలలు లెక్కపెట్టాను. ఆరు! వచ్చింది ఏడుగురు. అందర్నీ వీధిదీపం కింద వరసలో నిలబెట్టి హాజరు తీసుకున్నాను. చిత్రం, ఒక్కడూ ఎదురు చెప్పలేదు, అందరూ చేతులెత్తి "ప్రెజెంట్ సార్" అన్నారు. నిద్రముఖం లేడు. లోపలికి వెళ్ళి చూద్దును కదా, చలికోట్లు దాచే గదిలో ఎవరివో ఇరవై చలికోట్ల గుట్ట మీద పడి గుర్రు పెడుతున్నాడు. లేపి, మొహం మీద నీళ్ళు చల్లి, నడిపించుకొచ్చాను. ఏడుగుర్నీ ఏడు తలుపుల్లోకి పంపి, లోపలినుంచి గడియ పడిన చప్పుడు విన్నాకే ఇంటికొచ్చాను.

లాయరమ్మ అంది, "వార్డెన్ గారూ, ఇకనుంచి మీరు లేకుండా మేం బయటికి రాం. పోయిన నెల ఇతన్ని ఇక్కడే వదిలేసి పోయాం తెలుసా? పొద్దున ఊడ్చేవాళ్ళు లేపి పంపించారు."

నేను లేకపోతే ఈ పిల్లలేమైపోతారో! చదువు ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఇది బాధ్యత.

ఫిబ్రవరి 7, శనివారం

ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీ. వెళ్ళాను. డ్యూటీ.

గోడ పక్కన నిలబడితే సగం హాలే కనపడుతుంది. నిఘాకి మధ్యలో నిలబడడమే మేలు. కానీ డాన్స్ చేసేవాళ్ళ మధ్య కొయ్యలా నిలబడితే అనుమానం వస్తుంది. అందుకని కొంచెం కదిలాను. నాకు డాన్స్ రాదు. పదకొండేళ్ళుగా వచ్చిన పని ఒకటే, బోర్డు తుడవడం. కుడిచేత్తో గుండ్రంగా తుడిచాను. వెనక్కి తిరిగి క్లాసు వంక చూసినట్టు చూశాను. మళ్ళీ తిరిగి తుడిచాను. నిద్రముఖం కళ్ళు తెరిచి చూసి, తనూ తుడవడం మొదలుపెట్టాడు. తర్వాత లాయరమ్మ. పాట అయ్యేసరికి ఇంట్లో ఉన్న నలభైమందీ లేని బోర్డు తుడుస్తున్నారు.

దీనికి "డస్టర్" అని పేరు పెట్టారు. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. నాలుగుసార్లు చేశాను.

రిపోర్టు 3: వాడు క్షేమం. పాటలు మొత్తం ఇరవై రెండు, అందులో అయిదోదీ పదకొండోదీ మంచి ఊపున్నవి.

ఫిబ్రవరి 10, మంగళవారం

"రెండో సెమిస్టరు చదువు మొదలుపెట్టారా?" అని అడిగింది. పెట్టానన్నాను. పుస్తకం టేబులు మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

మంగళవారాలు బామ్మర్ది బయటికి రాడని తెలుసు. అయినా ఆకస్మిక తనిఖీ అనేది ఒకటుంటుంది. వాణ్ణి పిలవకుండా నేనొక్కణ్ణే వెళ్ళాను. తలుపాయన ఇప్పుడు నన్ను క్యూలో నిలబడనివ్వడు. "మీ అబ్బాయి రాలేదే," అన్నాడు. "రాకుండా చూద్దామనే వచ్చాను," అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. ఆయనకీ ముగ్గురు పిల్లలట.

రిపోర్టు 7: ఈ రోజు వాడు రాలేదు. 12.10 నుంచి 2.40 వరకు రాలేదు. స్పీకర్లు కొత్తవి పెట్టారు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

బామ్మర్ది గదికి పిలిచి తలుపేశాడు. వాడికి గొంతు బొంగురుపోయి ఉంది.

"బావా, నిజం చెప్పు. నీకు పేపరు పోయిందా?"

నిద్రముఖం చెప్పేశాడట. వాడూ అదే పేపరు తప్పాడట, మళ్ళీ రాసేవాళ్ళ జాబితాలో వాడి పేరు కింద నా పేరు చూశాడట. నిద్రపోయేవాడు నిద్రపోక జాబితాలు చదవడమెందుకో.

"పోలేదు. మిగిలిపోయింది," అన్నాను.

"అక్కకి చెప్పావా?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"పాసయ్యాక."

వాడు తల పట్టుకున్నాడు. "అప్పుడు చెప్పడానికేముంటుంది బావా! పరీక్ష ఇంక ఇరవై రోజుల్లో ఉంది. నువ్వు రోజు విడిచి రోజు డస్టర్ అంటూ తిరుగుతున్నావు. నేను వారానికి ఒక్కరోజు వచ్చేవాణ్ణి. నువ్వొక్కడివే వస్తే బాగుండదని నీకోసం మూడు రోజులు వస్తున్నాను. నాకూ పరీక్షలున్నాయి. మానెయ్ బావా."

ఒళ్ళు మండిపోయింది. ఎవరి కోసం వెళ్తున్నాను నేను? ఎవడి క్షేమం కోసం నిద్ర మానుకుని, చెవులు పాడుచేసుకుని, మోకాళ్ళు అరగదీసుకుంటున్నాను? అక్కకు చెప్పొద్దని మాట తీసుకుని వచ్చేశాను.

రేపటినుంచి చదువు.

ఫిబ్రవరి 21, శనివారం

రేపటినుంచి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఈ రాత్రి అద్భుతం. ఎవరో కొత్త గుంపు వాళ్ళు కూడా డస్టర్ నేర్పమని అడిగారు. ఎడమచేతి డస్టర్ కూడా కనిపెట్టాను. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి పక్కకొచ్చి, ఒంటిగంటా పదిహేనుకి రిపోర్టు 14 కొట్టేశాను: వాడు కుడివైపు స్పీకరు దగ్గర ఉన్నాడు. ఉత్సాహంగా గెంతుతున్నాడు. ఒంట్లో బాగుంది. నేను గోడ పక్కన ఉన్నాను.

వాణ్ణి చూసి రాయలేదు. ఎక్కడికి పోతాడు, అక్కడే ఉంటాడు.

ఫిబ్రవరి 28, శనివారం

అడ్డంగా దొరికిపోయాను.

పొద్దున ఎనిమిదింటికి, నేను ఇంకా బూట్లతోనే పడుకుని ఉండగా, ఫోన్.

"ఏమండీ, రాత్రి తమ్ముడు ఎలా ఉన్నాడు?"

"రాశానుగా. బ్రహ్మాండంగా ఉన్నాడు."

"గెంతుతున్నాడా?"

"గెంతుతున్నాడు."

"వాడికి నూట రెండు జ్వరం. పన్నెండున్నర నుంచి రెండింటిదాకా నాతో ఫోన్లో ఉన్నాడు. తడిగుడ్డ ఎలా వేసుకోవాలో దగ్గరుండి చెప్పాను. బావకి ఫోన్ చెయ్యరా అంటే ఎత్తట్లేదన్నాడు."

పదకొండేళ్ళ సర్వీసులో మనిషిని చూడకుండా ఒక్క హాజరు వెయ్యలేదు నేను. అలా వేశాడని తోటి వార్డెన్‌ని ఉద్యోగంలోంచి తీయించినవాణ్ణి.

"రక్తం చూడకుండా రిపోర్టు రాసేవాణ్ణి మా ల్యాబులో ఏం చేస్తారో తెలుసా?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండును. "అన్ని రిపోర్టులూ మళ్ళీ తీసి చదివాను. పద్నాలుగింటిలో తమ్ముడి గురించి ఉన్నది నాలుగు ముక్కలు. మిగతాదంతా పాటలు, స్పీకర్లు. పదకొండో పాట ఊపుగా ఉందని గోడ పక్కన నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుందండీ?"

ఏదో ఒకటి ఒప్పుకుంటే రెండోది వదిలేస్తుందేమోనన్న ఆశ. హాస్టల్లో దొంగలు చేసే పనే.

"నేను ఒక పేపరు తప్పాను," అన్నాను. "జనవరిలోనే. మార్చి పన్నెండున మళ్ళీ రాయాలి. నీకు చెప్పలేదు."

అక్కడ ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్న చప్పుడు.

"తప్పితే తప్పారు, మళ్ళీ రాసుకుంటారు. నేనేమైనా కొడతానా? అబద్ధమెందుకు చెప్పారు? నెల రోజులు, రోజూ చెప్పారు. సరే. డాన్స్ సంగతేమిటి? చేస్తున్నారా లేదా?"

"చేశాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

అప్పుడు ఆవిడ గొంతు మారింది. "మా పిన్ని కూతురి పెళ్ళిలో నేను రెండుసార్లు వచ్చి మీ చెయ్యి పట్టుకు లాగాను. తలనొప్పి అన్నారు. పోయి కార్ల దగ్గర కాపలా నిలబడ్డారు. మీరు రాలేదని నేనూ డాన్స్ చెయ్యలేదు. అందరి పిల్లల్నీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఎనిమిదేళ్ళలో ఎన్ని ఫంక్షన్లు! ఎప్పుడూ మీకు తలనొప్పే. అక్కడ తగ్గిందన్నమాట."

పెట్టేసింది.

మార్చి 1, ఆదివారం

ఫోన్ ఎత్తలేదు.

మార్చి 2, సోమవారం

ఎత్తలేదు. బామ్మర్దికి జ్వరం తగ్గిందా అని వాడికే ఫోన్ చేసి కనుక్కుందట. నేను అక్కడే, వాడి మంచం పక్కనే, గంజి గిన్నె పట్టుకుని కూర్చుని ఉన్నాను. నా మాట ఎత్తలేదు.

బామ్మర్దికి రిపోర్టుల సంగతి అక్కే చెప్పింది. "నా మీద పద్నాలుగు రిపోర్టులా బావా!" అని మొదట కోప్పడ్డాడు. తర్వాత ఒక్కొక్కటీ చదివించుకుని, బూటులో నారింజ రసం దగ్గరికొచ్చేసరికి దగ్గొచ్చేదాకా నవ్వాడు. కాపలాకి పెట్టిన కంచే చేను మేసిందన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 3, మంగళవారం

ఎత్తలేదు. ఏడుపొచ్చింది. వచ్చిందని రాసుకోవడానికి సిగ్గెందుకు, చదివేది నేనేగా.

మార్చి 5, గురువారం

రిపోర్టు పంపాను. ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను.

"రిపోర్టు 15. ఈసారి మనిషిని చూసే రాస్తున్నాను. ఆ మనిషి నేనే. జనవరి 28న పేపరు తప్పాను. నీకు చెప్పలేదు. తప్పిన ప్రతి పిల్లవాణ్ణీ నిలబెట్టి 'ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్తావురా' అని పదకొండేళ్ళు అడిగాను. నా వంతు వచ్చేసరికి నాకు ఆ మొహం దొరకలేదు. క్లబ్బుకి వెళ్ళింది నీ తమ్ముడి కోసం కాదు. మొదటి రోజు తప్ప. ఆ పుస్తకానికి దూరంగా ఉండడం కోసం వెళ్ళాను."

సాయంత్రానికి జవాబొచ్చింది: "శాంపిల్ సరిపోలేదు. మళ్ళీ పంపండి."

కుర్చీలోంచి లేచి నిలబడి చదివాను. జవాబంటూ వచ్చింది కదా!

మార్చి 6, శుక్రవారం

"రిపోర్టు 16. మీ పిన్ని కూతురి పెళ్ళిలో నాకు తలనొప్పి లేదు. కార్ల దగ్గర నన్నెవరూ కాపలా పెట్టలేదు. నాకు డాన్స్ రాదు. నలుగురూ నవ్వుతారని, మీవాళ్ళ ముందు నువ్వు చిన్నబోతావని భయం. ఇక్కడ నన్నెవరూ ఎరగరు, నవ్వితే నవ్వారులే అనిపించింది. ఎవరూ నవ్వలేదు. నాతో పాటు చేశారు. నాకెంత సంతోషం వేసిందో! అది నీకు చెప్పకుండా ఉండలేకే పాటల సంగతులు రాశాను. నువ్వు లేకుండా సంతోషపడినందుకు తప్పు నాదే."

చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు.

మార్చి 8, ఆదివారం

రోజుకొక రిపోర్టు పంపుతూనే ఉన్నాను. జవాబు లేదు. చదువుతున్నాను. నిజంగానే చదువుతున్నాను, ఇది స్టడీ అవర్ మధ్యలో రాస్తున్నాను.

బామ్మర్ది కంప్యూటరు పట్టుకొచ్చి నా గదిలో మకాం పెట్టాడు. ఒకవైపు నేను, ఒకవైపు నిద్రముఖం, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని వాడు. సంచీలో బంతులు వెయ్యడం కంప్యూటరుకు ఎలా చెప్పాలో నేర్పుతున్నాడు. నాకు లెక్కంతా నోటికొచ్చు. కానీ ఆ మాయదారి ప్రోగ్రాములో ఎక్కడో ఒక బ్రాకెట్టు మర్చిపోతాను, అంతా ఆగిపోతుంది.

"మళ్ళీ బ్రాకెట్టు! ఎన్నిసార్లు చెప్పాలి బావా? చెవికెక్కదా?" అన్నాడు.

"మెల్లిగా చెప్పొచ్చుగా," అన్నాను.

"నువ్వు మెల్లిగానే చెప్పేవాడివా?"

నేను బ్రాకెట్టు పెట్టాను. ఎర్రబంతులు వచ్చాయి. కంప్యూటరు లక్షసార్లు సంచీలో చెయ్యి పెట్టి, నేను పదకొండేళ్ళు చెప్పిన సమాధానమే తెచ్చిచ్చింది. నిద్రముఖం చప్పట్లు కొట్టాడు.

లాయరమ్మ కిటికీ దగ్గరికొచ్చి, "వార్డెన్ గారూ, అరగంట వస్తారా? మీరు లేక ఇద్దరు తప్పిపోయారు," అంది. నేను లేవబోయాను. నిజం, సగం లేచాను. బామ్మర్ది తలుపుకి అడ్డంగా కాళ్ళు చాపాడు.

మార్చి 12, గురువారం

రాశాను. బ్రాకెట్లన్నీ రెండుసార్లు చూశాను. పక్క బల్ల మీద నిద్రముఖం మూడు గంటలూ మేలుకునే ఉన్నాడు.

రిపోర్టు 22 పంపాను: పరీక్ష రాశాను. పాసవుతానో లేదో తెలియదు. తప్పినా ఆ నిమిషమే నీకు చెప్తాను.

"సరే," అని వచ్చింది. ఒక్క మాట. దాన్ని నాలుగైదు రకాలుగా చదివాను. కోపం ఉందనీ చదవొచ్చు, లేదనీ చదవొచ్చు.

మార్చి 20, శుక్రవారం

యాభై ఎనిమిది! నిద్రముఖానికి నలభై నాలుగు!

ఆవిడకు అప్పుడే, మెట్ల మీద నిలబడే పంపాను. అక్కడ అప్పటికే నిద్రపోయే వేళ. జవాబు లేదు.

రాత్రి పదకొండింటికి పిల్లలంతా వచ్చి తలుపు బాదారు. క్లబ్బుకి పదమన్నారు. మీరు పొండి, నేను రాను అన్నాను. బామ్మర్ది నా మొహం చూసి వాళ్ళందర్నీ తోలుకుపోయాడు. నేను దీపం తీయకుండా కూర్చున్నాను. చదవడానికి ఏమీ లేదు, తిరగడానికి కాళ్ళు రావడం లేదు. పాసైన రోజు ఇంత దిగులుగా ఉంటుందని అనుకోలేదు.

పన్నెండు దాటాక ఫోన్. వీడియో కాల్. ఇరవై రోజుల తర్వాత.

డాబా మీద ఉంది. అప్పుడే తెల్లవారుతోంది. నిద్ర తీరని కళ్ళు, జుట్టు ముడి, వెనకాల తీగ మీద ఆరేసిన బట్టలు.

"చూశాను, యాభై ఎనిమిది," అంది. "సంతోషం. ఫోను ఎక్కడైనా నిలబెట్టండి."

"ఎందుకు?"

"డస్టరో ఏదోనట కదా. తమ్ముడు చెప్పాడు. ఊళ్ళోవాళ్ళందరికీ నేర్పారట. నాకు చూపించండి."

"ఇప్పుడా? పాట లేకుండానా?"

"పదకొండో పాట మీకు నోటికొచ్చుగా."

ఫోను సంభావ్యత పుస్తకానికి ఆనించి పెట్టాను. గది మధ్యలో నిలబడ్డాను. చెమటలు పట్టాయి. క్లబ్బులో నాలుగువందల మంది ముందు పట్టని చెమట. నోటితోనే దబ్ దబ్ అనుకుంటూ బోర్డు తుడిచాను. వెనక్కి తిరిగి క్లాసు వంక చూశాను. మళ్ళీ తుడిచాను. ఆవిడ కొంచెం కూడా నవ్వలేదు. రిపోర్టు చూసేటప్పుడు పెట్టే మొహం పెట్టుకుని చూస్తోంది. ఎడమచేతి డస్టర్ కూడా చేశాను. కుర్చీ తగిలి మోకాలు కొట్టుకుంది.

ఆవిడకు నవ్వొచ్చేసింది. ఆపుకోబోయింది, ఆగలేదు. డాబా పిట్టగోడ పట్టుకుని వంగిపోయి నవ్వింది. కింద ఎవరో "పొద్దున్నే ఏమిటే ఆ నవ్వు?" అంటున్నారు, మా అత్తగారి గొంతే. కళ్ళు తుడుచుకుని, "ఏమీ లేదమ్మా," అంది.

"ఇంకా కోపముందా?" అన్నాను.

"ఉంది. బోలెడుంది. వచ్చాక తీర్చుకుంటాను," అంది. "ఇప్పుడు మీరు ఆపకండి. ఆ దబ్ దబ్ అంటూ ఉండండి."

ఆవిడ ఫోను నీళ్ళ ట్యాంకు మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వెళ్ళింది. చీర కొంగు నడుముకు దోపింది. చుట్టుపక్కల డాబాల మీద ఎవరూ లేరని ఒకసారి చూసుకుంది. నేను దబ్ దబ్ అంటూనే ఉన్నాను. ఆవిడ మొదలుపెట్టింది.

నేను ఆపేశాను. చెయ్యలేక కాదు, చూస్తూ ఉండిపోయాను. ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. ఆవిడ ఇంత బాగా చేస్తుందని నాకు తెలియనే తెలియదు.